ఆరుబయట పెట్టే పాత కార్లకు కవరు: వాన ఆపేదా, గాలి ఆడేదా?

అంబా_నల్గొండ
బండి 1972 అంబాసిడర్ మార్క్ 2. ఉండేది నల్గొండల కిరాయి ఇంటి పక్కన ఖాళీ జాగల. మట్టి నేల, మీద రెండు యాప చెట్లు. జూన్‌ల మొదటి వాన పడంగనే "వంద శాతం వాటర్‌ప్రూఫ్" అని రాసున్న వెండి రంగు కవరు కప్పి, కింద తాళ్లు బిగించిన. దసరాకు తీస్తే టాప్ మీద ఆవగింజలంత బుడగలు, డిక్కీ మూత అంచు పొంటి తుప్పు, లోపల సీట్లకు బూజు. కవరు ఎక్కడా చిరగలే, వాన నీళ్లు లోపలికి పోయిన జాడ లేదు. మరి ఈ తడి ఎక్కడిది?
ఇంకొకటి, ఫెండర్ అంచుల మీద రంగు అరిగి ప్రైమర్ కనపడుతుంది. గాలికి కవరు కొట్టుకొనే అయిందనుకుంటున్న. ఓనరు పక్కా షెడ్డు వేయనియ్యడు. ఏ బట్ట తీసుకోవాలె, ఎట్ల కుట్టించాలె, తెలిసినోళ్లు చెప్పండి.

రంగులడబ్బా
తడి కింది నుంచి వచ్చింది. మట్టి నేల తాగిన నీళ్లు పగటి ఎండకు ఆవిరై లేస్తాయి. కవరు గాలి ఆడనిది, పైగా కింద తాళ్లతో బిగించారు కాబట్టి ఆవిరికి బయటికి పోయే తోవ లేదు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే కవరు చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. అప్పుడు ఆవిరి దాని లోపలి వైపు బొట్లు కట్టి టాప్ మీద, బానెట్ మీద పడుతుంది. పొద్దున ఎండకు మళ్లీ ఆవిరి, రాత్రికి మళ్లీ నీళ్లు. జూన్ నుంచి దసరా దాకా మీ బండి మీద వేడి తడిగుడ్డ కప్పి ఉంచినట్టే అయింది.
రంగు పొర నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. సన్నగా దూరి, అడుగున ఎక్కడ పాత పుట్టీ ఉందో, ఎక్కడ చెయ్యి చెమట మరక మీద ప్రైమర్ కొట్టారో అక్కడ చేరి బుడగ కడుతుంది. వాన ఒక్కటే అయితే బండికి ఇంత నష్టం ఉండదు. తడిసిన బండి గాలికి ఆరిపోతుంది. కవరు కింద తడిసిన బండి ఆరదు.

జడ్చర్ల_జీపు
ఇంత కష్టమెందుకు? వడ్లు కొనే ఐకేపీ కేంద్రాలల్ల కుప్పల మీద కప్పే తాటిపత్రి (టార్పాలిన్ పట్టా) తెచ్చి కప్పండి. వడ్లే ఆగుతున్నయి, బండి ఆగదా?

రంగులడబ్బా
వడ్ల మీద కూడా తాటిపత్రి వాన పడ్డప్పుడే కప్పుతారు. తెరిపి ఇవ్వగానే తీసేస్తారు. తీయకుంటే కింద వడ్లు చెమట పట్టి మొలకలొస్తాయి. మీరిచ్చిన ఉదాహరణే జవాబు.
ఇంకో సంగతి. ఆ నీలం, పసుపు పట్టాలు ప్లాస్టిక్ పోగుల నేతకు రెండు వైపులా పొర పోసినవి. అంచు గట్టిగా ఉంటుంది. దుమ్ము మీద రుద్దుకుంటే గరుకు కాగితం పని చేస్తుంది. జీపు మీద గీత పడితే పెద్దగా కనపడదేమో, మెరిసే నల్ల ప్రీమియర్ పద్మిని కారు మీద పడితే పది అడుగుల నుంచి కనపడుతుంది.

జడ్చర్ల_జీపు
మొలకల మాట నిజమే, ఒప్పుకుంటున్న. కానీ నాలుగు రోజుల ముసురు పట్టినప్పుడు గాలి ఆడే బట్ట వాన ఎట్ల ఆపుతది?

పాలమూరు_పద్మిని
ముసురుకు అది పూర్తిగా ఆపదు. కొంచెం చెమ్మ దిగుతుంది. దిగినా ఫర్వాలేదు, ఎందుకంటే ఎండ రాగానే అదే దారిలో బయటికి పోతుంది.
కొనే ముందు బట్టను దుకాణంలోనే చూసుకునే తీరు చెప్తా. జానెడు ముక్క అడగండి.
ఒకటి, గ్లాసులో వేడి నీళ్లు పోసి ముక్కను మూతి మీద బిగించి, పైన చల్లని స్టీలు పళ్లెం పట్టండి. రెండు మూడు నిమిషాల్లో పళ్లేనికి మంచు పడితే ఆవిరి పోతున్నట్టు. పళ్లెం పొడిగా ఉంటే ఆ బట్ట ఆరుబయట బండికి వద్దు.
రెండు, అదే ముక్కను గిన్నె మీద గుంటలా వదులుగా కట్టి అరచెంబు నీళ్లు పోసి గంట ఆగండి. అడుగున చెమ్మ తగిలితే సరే, బొట్లు బొట్లుగా కారితే వద్దు.
మూడు, తెల్ల నూలుగుడ్డ తడిపి రెండు వైపులా గట్టిగా రుద్దండి. రంగు అంటితే అది మీ బండికి కూడా అంటుతుంది. ముదురు నీలం, మెరూన్ కవర్లలో ఇది ఎక్కువ. లేత రంగు బండ్ల మీద ఆ మరక పాలిష్‌తో కూడా పోదు.

అంబా_నల్గొండ
పళ్లెం పద్ధతి ఇప్పుడే నా వెండి కవరు మీద చేసిన. ఐదు నిమిషాలైనా పళ్లెం పొడిగానే ఉంది. సంగతి తేలిపోయింది.

హెరాల్డ్_దేవరకొండ
బట్టల పేర్లు చెప్పుకుందాం, దుకాణాల్లో అన్నిటినీ కలిపి "మ్యాటీ", "వాటర్‌ప్రూఫ్" అని రెండు మాటలతో అమ్ముతారు.
నూలు ఫ్లానెల్ రంగుకు అన్నిటికన్నా మెత్తన. కానీ ఇల్లు లోపల పెట్టే బండికే. బయట పెడితే మంచు తాగి పొద్దంతా తడిగానే ఉంటుంది.
పాలిప్రొపిలీన్ నాన్‌వోవెన్, అంటే నేయకుండా అచ్చొత్తిన దూది లాంటి బట్ట. మూడు పొరలది గాలి ఆడుతుంది, వాన చాలావరకు ఆపుతుంది. దానికి శత్రువు ఎండ. ఎండకు ఆగే మందు కలపనిది మన ఏప్రిల్, మేలకు పొట్టు పొట్టుగా రాలుతుంది. ఆ పొట్టు వేడికి రంగుకు అతుక్కుంటుంది.
పాలిస్టర్‌లో రెండు రకాలు. పొర లేని దగ్గర నేత (పోగులు ఒత్తుగా నేసిన బట్ట) గాలి ఆడుతుంది. వెనుక మందంగా పియు (పాలియురేథేన్) లేదా పీవీసీ ప్లాస్టిక్ పొర పోసింది ఆడదు. పీవీసీతో ఇంకో ఇబ్బంది ఉంది. దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం వేడికి బయటికి వచ్చి రంగులోకి దిగుతుంది. కవరు మడత అచ్చు టాప్ మీద పడిపోయిందంటే కారణం అదే.
అన్నిటికన్నా మేలైంది పోగులోనే రంగు కలిపి నేసిన ఆక్రిలిక్. ఎండకు ఏళ్ల తరబడి ఆగుతుంది, గాలి ఆడుతుంది. ధర ఎక్కువ, కుట్టించుకోవాలి.

పాలమూరు_పద్మిని
పైన చెప్పినదానికి కలుపుతున్నా. వెండి పూత ఉన్న కవరైతే పూత పైకి ఉండాలి. ఎండను తిప్పికొట్టేది పైన ఉంటేనే పని చేస్తుంది. తిరగేసి కప్పితే పూత పొలుసులు రంగు మీద రాలతాయి.

కుట్టుమిషన్_మిర్యాలగూడ
కుట్టించుకునేటోళ్లకు కొలతలు చెప్తున్న. అంబాసిడర్ పొడుగు దగ్గర దగ్గర 4.3 మీటర్లు, వెడల్పు 1.66, ఎత్తు 1.6. పద్మిని 3.9 పొడుగు, 1.46 వెడల్పు. ఈ లెక్కలతో కుట్టొద్దు, ఇవి బట్ట కొనటానికే. కుట్టు కోసం బండి మీద టేపు వేసి కొలవాలె.
ముందు బంపరు కింది అంచు నుంచి బానెట్, అద్దం, టాప్, డిక్కీ మీదుగా వెనుక బంపరు కింది అంచు దాకా ఒక కొలత. అంబాసిడర్‌కు ఏడు మీటర్ల లోపు వస్తది. టాప్ అంచు నుంచి తలుపు కింది అంచు దాకా పక్క కొలత, దాన్ని మూడు చోట్ల తీయాలె: ముందు చక్రం దగ్గర, నడుమ తలుపు దగ్గర, వెనుక చక్రం దగ్గర. మూడూ వేరువేరు వస్తయి.
60 అంగుళాల పన్నా బట్టైతే నడిమి పట్టీకి 7 మీటర్లు, రెండు పక్కలకు నాలుగున్నర చొప్పున 9. అతుకులకు, అద్దం సంచులకు, మాసికలకు ఒకటిన్నర. మొత్తం 17 నుంచి 18 మీటర్లు. పద్మినికి 15 సరిపోతది.

అంబా_నల్గొండ
అన్నా, దారం ఏది వాడాలె? సీటు కవర్లు కుట్టే దారమే పనికొస్తదా?

కుట్టుమిషన్_మిర్యాలగూడ
పాలిస్టర్ దారమైతేనే. నూలు దారం రెండు వానకాలాలకు మురుగుతది, బట్ట బాగుండంగనే కుట్లు ఊడతయి. కుట్టు ఒక్క వరుస వేయొద్దు. రెండు బట్టల అంచులు ఒకదాన్లో ఒకటి మడిచి రెండు వరుసలు వేయాలె. మడత నోరు కిందికి ఉండాలె, ఇంటి పెంకుల లెక్క. పైకి ఉంటే నీళ్లు దాంట్ల నిలిచి సూది బొక్కల నుంచి దిగుతయి. టాప్ నడుమ మీద అతుకు రానియ్యొద్దు, అందుకే నడిమి పట్టీ ఒక్కటే ముక్క పెట్టమన్నది.
కింద అంచుకు అంగుళం వెడల్పు ఎలాస్టిక్ ముందు, వెనుక మాత్రమే. పక్కలకు వదులుగా ఉండాలె, గాలి పోయేది ఆడినుంచే. బానెట్ మీద బొమ్మ, బంపరు కొమ్ములు, తలుపు పిడులు తగిలే చోట లోపలి వైపు అదే బట్ట రెండు పొరలు మాసిక వేయాలె. ముందుగ చిరిగేవి ఆ చోట్లే.

సాగర్_రోడ్డు
అంబా_నల్గొండ అడిగిన రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలే. రంగు అరగటం.
కవరు వదులుగా ఉంటే ఏప్రిల్, మే సాయంత్రాలు వచ్చే గాలిదుమారానికి అది తెరచాప అయితది. లోపల దుమ్ము, పైన కొట్టుకునే బట్ట, మధ్యల రంగు. ఫెండర్ అంచు, టాప్ మూలలు, డిక్కీ అంచు ముందు పోతయి. తాళ్లు చుట్టూ కింద కట్టి బిగిస్తే సరిపోదు, నడుమ భాగం ఎగురుతూనే ఉంటది. బండి కింద నుంచి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయే పట్టీలు రెండు కావాలె. ఒకటి ముందు చక్రాల వెనుక, ఒకటి వెనుక చక్రాల ముందు. ఒకటిన్నర అంగుళాల నైలాన్ నవారు, ప్లాస్టిక్ బకిల్. ఇనుప బకిల్ వద్దు, విసిరినప్పుడు తలుపుకు తగిలి సొట్ట పడతది. సైలెన్సర్ గొట్టానికి నవారు ఆనకుండ చూసుకోండి.

జడ్చర్ల_జీపు
ఇటుకలు కట్టి వేలాడదీస్తే?

సాగర్_రోడ్డు
వద్దు. గాలికి ఇటుక ఊగి తలుపుకే తగులుతది. అయస్కాంతాలు పెట్టేటోళ్లు కూడా ఉన్నరు. నేల మీది ఇనుప రజను అయస్కాంతానికి పట్టుకొని, అది జరిగినప్పుడల్లా గీతలు గీస్తది.

ధూళి_హుజూర్‌నగర్
మా వైపు సంగతి వేరు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. గాలి ఆడే బట్ట అంటే ధూళి కూడా ఆడుతుంది కదా? సన్న సిమెంటు ధూళి మీద మంచు పడితే రంగుకు పట్టుకొని గట్టిపడుతుంది. తడిగుడ్డతో రుద్దితే రంగే లేస్తుంది.

రంగులడబ్బా
ధూళి ఎక్కువగా బట్టలోంచి రాదు, కింది సందులోంచి వస్తుంది. బట్ట మాత్రం దగ్గర నేతది చూసుకోండి. సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా వెలుతురు రాకూడదు.
సిమెంటు ధూళి క్షారం. పట్టినచోట రుద్దొద్దు. ముందు ధారగా నీళ్లు పోసి వదులుగా ఉన్నదంతా పోనివ్వాలి. మిగిలినదానికి తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు పది పాళ్లు కలిపి, మెత్తని గుడ్డ తడిపి ఐదు నిమిషాలు పరిచి ఉంచాలి. కరిగాక పుష్కలంగా నీళ్లతో కడగాలి. క్రోమ్ మీద, అల్యూమినియం మీద వెనిగర్ ఆగకూడదు. పని అయ్యాక మైనం పూయాలి.
మిర్యాలగూడ వాళ్లకు రైసు మిల్లుల ఊక బూడిద బెడద. ఊక బూడిదలో ఎక్కువ పాలు సిలికానే, అంటే సన్నని ఇసుక అనుకోండి. కవరు మీద బూడిద ఉండగా లాగితే బండి మీద ఇసుక రుద్దినట్టే. ముందు కవరు మీదే నీళ్లు కొట్టి, ఆరాక తీయాలి.

కుట్టుమిషన్_మిర్యాలగూడ
ఊక బూడిద మాట వందకు వంద నిజం. మా దగ్గర కవర్లు చిరిగేకన్నా ముందు లోపల నల్లబడతయి.

పాలమూరు_పద్మిని
తీసే తీరు కూడా చెప్పాలి, సగం గీతలు అప్పుడే పడతాయి. కవరును ఈడ్చొద్దు. రెండు పక్కలను ఎత్తి టాప్ మీదికి మడవండి, మురికి వైపు లోపలికి పోతుంది. తర్వాత వెనుక నుంచి ముందుకు చాపలా చుట్టుకుంటూ రండి. కప్పేటప్పుడు ఆ చుట్టను బానెట్ మీద పెట్టి వెనక్కి విప్పుకుంటూ పోతే ముందు వైపు ఎప్పుడూ ముందుకే వస్తుంది. ఇద్దరుంటే నేల తగలకుండా ఐదు నిమిషాల పని.

గడియారం_వనపర్తి
గొంగడి కప్పి పైన పట్టా వేస్తే? ఇంట్లో రెండు పాత గొంగళ్లున్నాయి.

హెరాల్డ్_దేవరకొండ
వద్దు తమ్మీ. గొంగడి మనిషికి వానలోనూ వెచ్చదనమిస్తుంది, మనిషి దాన్ని మళ్లీ ఆరేస్తాడు. దక్కని గొర్రె ఉన్ని గరుకు, అందులో గడ్డి పరకలు, ముళ్లు ఇరుక్కుని ఉంటాయి. తాగిన నీళ్లను పట్టుకొని వదలదు. పైన పట్టా వేస్తే అసలే ఆరదు.
ఒక్క పనికి మాత్రం గొంగడి వాడొచ్చు. మార్చి, ఏప్రిల్‌లో వడగండ్లు పడే సూచన ఉన్నప్పుడు కవరు పైనుంచి టాప్, బానెట్, డిక్కీ మీద మూడు నాలుగు మడతలు పరిచి తాడుతో కట్టండి. వాన వెలిసిన వెంటనే తీసేయండి. ఏ కవరైనా ఒట్టి బట్టగా వడగండ్ల సొట్టలను ఆపదు.

జడ్చర్ల_జీపు
కోతులకేమన్న ఉపాయం ఉందా? మా కాలనీల కవర్లను చీల్చి చెట్లకు జెండాలు కడుతున్నయి.

సాగర్_రోడ్డు
వదులు బట్ట, వేలాడే తాడు, మెరిసే బకిల్ కనపడితే లాగుతయి. నవారు కొసలు బండి కిందికి దోపి, బట్ట బిగువుగా ఉంచితే పట్టు దొరకదు. బండి మీదికి వాలిన కొమ్మలు కొట్టేయండి. లోపల తినే వస్తువు ఒక్క బిస్కెట్ ముక్క కూడా వద్దు, వాసన పడతయి.

గడియారం_వనపర్తి
ఎలుకల సంగతి?

హెరాల్డ్_దేవరకొండ
చీకటి, వెచ్చదనం, పొడి జాగ మూడూ దొరికితే ఎలుక గూడు కడుతుంది, కవరు ఆ మూడూ ఇస్తుంది. అందుకే కవరు అంచు నేలకు ఐదారు అంగుళాల పైన ఆగాలి. వెలుతురు, గాలి రెండూ లోపలికి పోతాయి. సైలెన్సర్ మూతికి, ఎయిర్ క్లీనర్ మూతికి పావు అంగుళం జాలీ బిగించండి. స్టీరింగ్‌కు చీటీ కట్టుకోండి, స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ జాలీ తీయాలని. పదిహేను రోజులకోసారి బానెట్ ఎత్తి చూస్తే గూడు మొదలైనప్పుడే తెలుస్తుంది. స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉన్నవాళ్లు బానెట్ ఎత్తితే ముందు భాగం మొత్తం లేస్తుంది కాబట్టి ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన ఇనుప చేతులు కూడా అప్పుడే చూసుకోండి. ఆ బండిలో ముందు తుప్పు పట్టేది అక్కడే.

అంబా_నల్గొండ
నేల తడి ఆపటానికి ఏం చేయాలె? మట్టి నేల మార్చలేను, సిమెంటు పోయనియ్యరు.

రంగులడబ్బా
దీనికే ముందు ఖర్చు పెట్టండి, కవరుకు కాదు. బండి నిలిచే చోటును చుట్టుపక్కల కన్నా నాలుగు అంగుళాలు ఎత్తు చేసి, నీళ్లు ఒక పక్కకు పోయేటట్టు వాలు ఇవ్వండి. దాని మీద 200 మైక్రాన్ల పాలిథిన్ షీట్ పరవండి, బండికన్నా చుట్టూ రెండు అడుగులు ఎక్కువ ఉండాలి. అతుకు పెట్టాల్సి వస్తే అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. షీట్ మీద మూడు అంగుళాల కంకర, లేదా తాండూరు బండలు పరుచుకోండి. ఇల్లు ఖాళీ చేసిననాడు బండలు మీతోనే తీసుకుపోవచ్చు. ఆవిరి షీట్ కిందనే ఆగుతుంది.
గడ్డి మీద మాత్రం బండి పెట్టొద్దు. గడ్డి నేలకన్నా ఎక్కువ తడి వదులుతుంది.

ధూళి_హుజూర్‌నగర్
కారు లోపల తడికి కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెట్టొచ్చా? బీరువాలకు అమ్ముతారు కదా.

రంగులడబ్బా
ఇళ్లలో సరే, కారులో వద్దు. అది తడి పీల్చి ఉప్పు నీరవుతుంది. డబ్బా ఒరిగి ఆ నీరు ఫ్లోర్ మీద పడితే రేకుకు నెల రోజుల్లో తుప్పు. సిలికా జెల్ అరకిలో గుడ్డ సంచిలో కట్టి ముందు ఒకటి, డిక్కీలో ఒకటి పెట్టండి. రంగు మారేది కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. నిండాక మందపాటి మూకుట్లో సన్న సెగ మీద ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. అయితే ముందు రబ్బరు బీడింగులు చూడండి. అద్దం బీడింగు ఎండి పగిలి ఉంటే ఏ సంచీ సరిపోదు.

పాలమూరు_పద్మిని
బీడింగ్ పరీక్షకు లోపల ఒకరు టార్చి పట్టుకొని కూర్చుంటే, బయట ఒకరు పైపుతో కింది నుంచి పైకి మెల్లగా నీళ్లు పట్టాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో తెలియదు. తలుపుల అడుగున నీళ్లు పోయే సన్న రంధ్రాలుంటాయి, వాటిని మట్టి మూసేస్తే తలుపు రేకు లోపలి నుంచి కుళ్లుతుంది. పాత సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. అంబాసిడర్ డిక్కీలో స్టెప్నీ కింద చాప ఎత్తి చూడండి, మీ బూజుకు మూలం అక్కడ ఉండొచ్చు.

అంబా_నల్గొండ
స్టెప్నీ కింద అరచెయ్యంత తడి ఉంది. డిక్కీ రబ్బరు మూల దగ్గర చీలింది.

పాలమూరు_పద్మిని
అదే మొదట మార్చండి. అతుకు కింది వైపు నడుమ రావాలి, మూలల్లో కాదు.

సాగర్_రోడ్డు
షెడ్డు వద్దన్న ఓనరు ఊడదీసే పందిరికి ఒప్పుకోవచ్చు, అడిగి చూడండి. 18 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు, రెండు అంగుళాల జీఐ పైపులు ఆరు. ముందు ఎత్తు ఏడున్నర అడుగులు, వెనుక ఆరున్నర, వాన జారటానికి. నేలలో రెండడుగులు దింపి, బోల్టు కట్టే తొట్లు కాంక్రీటుతో పోసుకుంటే పైపులు మళ్లీ ఊడొస్తయి. పైన 75 శాతం నీడనిచ్చే వ్యవసాయ వల. మూడు మీటర్ల వెడల్పు రోలు దొరుకుతది, మీ పందిరికి సరిగ్గ సరిపోతది.
వల వాన ఆపదు, కానీ ఎండ సగానికి పైగా తగ్గిస్తది, కవరు ఆయుష్షు పెరుగుతది, యాప పండ్లు, పిట్ట రెట్ట పైనే ఆగుతయి.
వాన కూడా ఆగాలంటే వల మీద తాటిపత్రి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాలుగా కట్టుకోండి. బండికి అడుగున్నర పైన ఉంటుంది కాబట్టి గాలి ఆడుతది.

జడ్చర్ల_జీపు
సూడండి, తాటిపత్రి మళ్లొచ్చింది!

రంగులడబ్బా
వచ్చింది, సరైన చోటికి వచ్చింది. బండిని తాకకుండా పైన ఉన్నంతవరకు అది వాన ఆపేవాటిలో అన్నిటికన్నా చవక. బండి మీద మాత్రం గాలి ఆడే బట్టే.

గడియారం_వనపర్తి
కొత్తగా పెయింటు వేయించాక ఎన్నాళ్లకు కప్పొచ్చు?

రంగులడబ్బా
బూత్‌లో వేడి పెట్టి ఆరబెట్టిన రెండు భాగాల పియు పెయింటుకు కనీసం నెల. మామూలు షెడ్డులో కొట్టిన ఎనామెల్‌కు రెండు మూడు నెలలు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ద్రావకం ఇంకా బయటికి వస్తుంటుంది. కప్పితే అది ఆగిపోయి రంగు మెత్తబడుతుంది, నేత అచ్చు పడుతుంది. మైనం కూడా అప్పటిదాకా వద్దు.

అంబా_నల్గొండ
టాప్ మీద బుడగలు మొత్తం గీకాలెనా?

రంగులడబ్బా
ముందు కవరు లేకుండా రెండు వారాలు నీడలో, గాలిలో ఉంచండి. కొన్ని అణిగిపోతాయి. అణగని బుడగను సూదితో గుచ్చి చూడండి. నీళ్లు వచ్చి అడుగున ప్రైమర్ శుభ్రంగా ఉంటే పై రంగు వరకే పని. గోధుమ రంగు నీళ్లు వస్తే రేకు దాకా పోవాలి. తుప్పు మొత్తం తీసి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాసి, అది చెప్పినంతసేపు ఉంచి, శుభ్రం చేసి ఆరబెట్టి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. పుట్టీ ప్రైమర్ మీదే రావాలి. ఒట్టి రేకు మీద పుట్టీ పెడితే అది స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది, వచ్చే దసరాకు మళ్లీ ఇదే చోట బుడగలు.

హెరాల్డ్_దేవరకొండ
ఒరిజినల్ రేకు కాపాడుకోవటానికి ఇంకో కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన మోటారు వాహన నిబంధనల్లో మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా గుర్తిస్తారు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లకు పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మీ 72 మాడల్ వయసు ప్రకారం సరిపోతుంది.

కుట్టుమిషన్_మిర్యాలగూడ
కవరు ఉతకటం ఎవరూ చెప్పలే. సబ్బు పొడి, కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవం వేస్తే నీళ్లను ఆపే గుణం పోతది. ఒట్టి నీళ్లు, మెత్తని బ్రష్, పిట్ట రెట్ట ఉంటే నానబెట్టి తీయాలె. వాషింగ్ మిషన్ల వేయొద్దు, కుట్లు వదులైతయి. నీడల, తాడు మీద, రెండు వైపులా ఆరాకే కప్పాలె. యాప చెట్ల కింద అయితే నెలకోసారి తప్పదు.

పాలమూరు_పద్మిని
వేడి బండి మీద కప్పకండి, నాన్‌వోవెన్‌కు ముఖ్యంగా. సైలెన్సర్ వేడికి అది కరిగి గొట్టానికి అతుక్కుంటుంది. తిరిగి వచ్చాక గంటైనా ఆగాలి. డిసెంబరు, జనవరి పొద్దున మంచు పడ్డ బండి మీద కూడా వద్దు, పది గంటలకు ఆరాక కప్పండి. వారానికి ఒక పూట కవరు తీసి, తలుపులు, డిక్కీ తెరిచి పెడితే మంచిది.

అంబా_నల్గొండ
అందరి మాటలు విని ఇట్ల అనుకుంటున్న. ముందు డిక్కీ రబ్బరు, తర్వాత నేల మీద పాలిథిన్, తాండూరు బండలు. ఓనరు పందిరికి ఒప్పుకున్నడు, బోల్టు తొట్ల వరకు. కవరు పొర లేని దగ్గర నేత పాలిస్టర్, లేత బూడిద రంగు, 18 మీటర్లు, మిర్యాలగూడ అన్న చెప్పిన కుట్టుతో. రెండు నవార్లు. బుడగల పని నవంబరుల.

రంగులడబ్బా
ఒక్క మార్పు. పెయింటు పని ముందు, కొత్త కవరు తర్వాత. నవంబరులో రంగు వేయిస్తే కవరు ఫిబ్రవరికి కుట్టించండి. మధ్యలో మంచు పడే రాత్రులకు పందిరి మీద తాటిపత్రి ఉంచండి, బండి మీద ఏమీ కప్పకండి.

కుట్టుమిషన్_మిర్యాలగూడ
కొలత కూడా పెయింటు అయినంక, బంపర్లు బిగించినంకనే తీసుకోండి. బంపరు లేకుండ కొలిచి కుడితే నాలుగు అంగుళాలు తక్కువ పడతది, మళ్లీ అతుకు వేయాలె.